స్తరధారణలో వర్షకవచ పరిమాణ నిర్ణయం

ఒకే ఒక మందమైన కోటుకు బదులుగా, వేరువేరు గుణధర్మాలు గల పలుచని వస్త్రాలను ఒకదానిపై ఒకటి ధరించి, శ్రమనూ వాతావరణాన్నీ అనుసరించి వాటిని తీసివేస్తూ, తిరిగి తొడుక్కుంటూ దేహోష్ణాన్ని సమస్థితిలో నిలుపుకొనే పద్ధతిని స్తరధారణ అంటారు. ఇందులో చర్మాన్ని అంటిపెట్టుకొని చెమటను పీల్చి పైకి పంపేది అంతఃస్తరం. దానిపైన ఉష్ణాన్ని నిలిపి ఉంచేది మధ్యస్తరం. వాననూ గాలినీ లోనికి రానివ్వనిది బాహ్యస్తరం. కొండలెక్కేవారు థర్మల్, ఫ్లీస్, రెయిన్ జాకెట్ అని పిలుచుకొనేవి సాధారణంగా ఈ మూడే. ప్రస్తుత వ్యాసానికి విషయం మూడవది. అందులోనూ 200 నుంచి 350 గ్రాముల బరువుండి, మడిస్తే సంచిలో ఒక మూలన ఒదిగిపోయే తేలికపాటి జాకెట్. దీని పరిమాణాన్ని దేహపు కొలతను బట్టి కాక, లోపల ధరించబోయే స్తరాల మందాన్ని బట్టి నిర్ణయించాలన్నదే ఇక్కడి ప్రతిపాదన.

ఈ ప్రశ్న ఎక్కడ తీవ్రమవుతుందో తెలుసుకోవడానికి ఉత్తరాఖండ్‌లోని పూలలోయ మంచి ఉదాహరణ. అక్కడ పూలు విరివిగా పూసేది జులై, ఆగస్టు నెలలలో. అంటే నడి వర్షాకాలంలో. నడక మొదలయ్యే గోవింద్‌ఘాట్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంటే, బస చేసే ఘాంఘరియా సుమారు 3,050 మీటర్ల ఎత్తున, ఆ పైనున్న హేమ్‌కుండ్ సాహెబ్ 4,300 మీటర్లకు చేరువలో ఉన్నాయి. వాతావరణంలో ప్రతి 1,000 మీటర్లకూ సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది గనుక, ఈ దారి అడుగుకూ శిఖరానికీ నడుమ 16 డిగ్రీల వ్యత్యాసం ఏర్పడుతుంది. కింద పలుచని చొక్కాపై వేసుకొన్న జాకెట్టే పైన రెండు ఉన్నిపొరలపై వేసుకోవలసి వస్తుంది. ఒకే కవచం ఈ రెండు స్థితులకూ సరిపోవాలి. ఎవరెస్టు వంటి శిఖరాల మీద ఈ సమస్యే ఉండదు. అక్కడ కురిసేది మంచు, ధరించేది ఈకలు నింపిన మందపాటి దుస్తులు. వర్షకవచం మధ్యస్థాయి పర్వతాల ఉపకరణం, అనగా మన ప్రాంతం నుంచి హిమాలయాలకు వెళ్లే సామాన్య పాదచారుల ఉపకరణం.

ఇక మూలసూత్రానికి వద్దాం. మనల్ని వెచ్చగా ఉంచేది దారం కాదు, దారాల నడుమ చిక్కుకొన్న నిశ్చలమైన గాలి. గాలి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.025 వాట్లు, నీటిది సుమారు 0.6, అంటే దాదాపు 24 రెట్లు. దీని నుంచి రెండు సత్యాలు తేలుతాయి. మధ్యస్తరం తడిస్తే దానిలోని గాలి స్థానాన్ని నీరు ఆక్రమించి ఉష్ణం వేగంగా బయటికి పోతుంది. కనుక బాహ్యస్తరం జలనిరోధకమై ఉండాలి. ఇది అందరికీ తెలిసినదే. రెండవది అంతగా గుర్తించబడనిది: మధ్యస్తరం నొక్కుకుపోయినా గాలి వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి వాడిన బొంతలో దూది అణిగిపోతే చలి ఆగనట్టే, బిగుతైన జాకెట్ కింద నలిగిన ఫ్లీస్ తన ధర్మాన్ని కోల్పోతుంది. వాన నుంచి కాపాడవలసిన కవచమే, పరిమాణం తప్పితే, చలికి దారి చూపుతుంది.

తేలికపాటి జాకెట్లలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. 1823లో చార్లెస్ మాకింటోష్ రబ్బరు పూసిన వస్త్రానికి హక్కుపత్రం పొందినప్పటి నుంచి జలనిరోధక వస్త్రాలు ఎంతో మారాయి. 1969లో రాబర్ట్ గోర్ పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌ను ఒక్కసారిగా సాగలాగి సూక్ష్మరంధ్ర పటలాన్ని సాధించిన తరువాత, నీటి బిందువును ఆపుతూ నీటి ఆవిరిని పోనిచ్చే వస్త్రాలు సాధ్యమయ్యాయి. అయితే ఇటువంటి పటలం అతికించిన పలుచని నైలాన్ సాధారణంగా సాగదు. అల్లిక స్వెటరు దేహాన్ని అనుసరించి విస్తరిస్తుంది. ఈ వస్త్రం విస్తరించదు. కావలసిన చోటు కత్తిరింపులోనే ముందుగా ఉండితీరాలి.

ఎంత చోటు కావాలి? ఇక్కడ జ్యామితి సహాయానికి వస్తుంది. ఒక ఆకృతి చుట్టూ సమాన మందం గల పొరను కప్పితే, దాని చుట్టుకొలత ఆ మందానికి 2π రెట్లు, అంటే దాదాపు 6.28 రెట్లు పెరుగుతుంది. మనిషి ఛాతీ వృత్తం కాదు గదా అన్న సందేహం సహజమే. కాని లోపలికి వంపులు లేని కుంభాకార ఆకృతి ఏదైనప్పటికీ ఈ పెరుగుదల మారదని 19వ శతాబ్దపు స్విస్ గణితవేత్త యాకోబ్ స్టైనర్ పేరు మీద ప్రసిద్ధమైన సూత్రం చెబుతున్నది. థర్మల్ 1 మిల్లీమీటరు, ఫ్లీస్ 4 మిల్లీమీటర్లు, దానిపై తేలికపాటి నింపుడు జాకెట్ (ఈకలు నింపినది) 10 మిల్లీమీటర్లు అనుకొందాం. మొత్తం మందం 1.5 సెంటీమీటర్లు. చుట్టుకొలతలో పెరుగుదల 9.4 సెంటీమీటర్లు. చేతితో పట్టుకొని చూస్తే అల్పంగా తోచే మందం, చుట్టుకొలతలోకి వచ్చేసరికి రెండు సైజుల తేడాతో సమానం కాగలదు.

ఈ సూత్రంలో ఇంకొక అంశం ఉన్నది. నా దృష్టిలో అది అన్నిటికంటె ముఖ్యమైనది. పెరుగుదల మందంపైనే ఆధారపడుతుంది గాని అవయవపు పరిమాణంపై కాదు. 96 సెంటీమీటర్ల ఛాతీకి 9.4 సెంటీమీటర్లు కలిస్తే పెరిగినది 10 శాతం లోపు. 30 సెంటీమీటర్ల దండచేతికి అవే 9.4 సెంటీమీటర్లు కలిస్తే పెరిగినది 31 శాతం. అందుచేత బిగుతు మొదట తెలిసేది ఛాతీ వద్ద కాదు, చేతుల వద్ద, చంకల వద్ద. తయారీదారులు సైజు పెంచేటప్పుడు ఛాతీని పెంచినంతగా చేతి చుట్టుకొలతను పెంచరు. కనుక ఒక సైజు పెద్దది తీసుకొన్నంత మాత్రాన ఛాతీ వదులై వేలాడుతుంది, చేతులు మాత్రం ఇరుకుగానే మిగులుతాయి. అటువంటప్పుడు వెదకవలసినది పెద్ద సైజును కాదు, మెడ నుంచి చంక వరకు ఏటవాలు కుట్టుతో వచ్చే చేతులు, చంకలో అదనపు ముక్క గల కత్తిరింపును.

వదులు విషయంలో కూడా హద్దు ఉన్నది. గాలిపొర మందం సుమారు ఒక సెంటీమీటరు దాటిన తరువాత అందులోని గాలి నిశ్చలంగా నిలవక సంవహన ప్రవాహాలుగా కదలసాగుతుంది. పొర పెరిగినకొద్దీ వెచ్చదనం పెరగదు. నడిచేవాని ప్రతి కదలికకూ వదులు జాకెట్ తిత్తిలా పనిచేసి, వెచ్చని గాలిని మెడ నుంచీ అంచు నుంచీ బయటికి నెడుతుంది. చెమటతో ఉక్కిరిబిక్కిరయ్యే ఎక్కుడు దారిలో ఇది మేలే. ఈదురుగాలిలో నిలబడినప్పుడు నష్టమే. పెద్ద హుడ్ కళ్లమీదికి జారి దారిని కప్పుతుంది. అందుచేత, ఎందుకైనా మంచిదని రెండు సైజులు పెద్దది కొనుక్కొనే అలవాటును నేను సమర్థించలేను.

ఆవిరి సంగతి క్లుప్తంగా చెప్పుకొందాం. పటలం గుండా ఆవిరిని నెట్టేది లోపలికీ బయటికీ మధ్య గల బాష్పపీడన భేదం. చర్మం దగ్గర 35 డిగ్రీల వద్ద సంతృప్త బాష్పపీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు. బయట 12 డిగ్రీల వాన కురుస్తుంటే అక్కడ సుమారు 1.4; భేదం 4.2. అదే విశాఖ తీరంలో 28 డిగ్రీల వానలో బయట సుమారు 3.8, భేదం 1.8 మాత్రమే. హిమాలయంలో చక్కగా పనిచేసిన ఖరీదైన జాకెట్ కోస్తాలో చెమటతో తడిసిపోవడానికి ఇదే కారణం. అది వస్త్రపు లోపం కాదు. తీర ప్రాంతపు వానకు వదులైన పోంచో గాని గొడుగు గాని మేలు. అక్కడ స్తరాల ప్రసక్తే లేదు.

వస్త్రం కొలతకూ దేహం కొలతకూ గల భేదాన్ని అవకాశం అందాం. కుట్టుపనివారు దీన్నే లూజు అంటారు. ఇది రెండు విధాలు. చేతులెత్తడానికి, వంగడానికి, ఊపిరి నిండుగా తీయడానికి కావలసినది చలనావకాశం. లోపలి పొరల మందానికి కావలసినది స్తరావకాశం. సైజు పట్టికలలో అధిక భాగం దేహపు కొలతలనే ఇస్తాయి. వస్త్రంలో వదిలిన అవకాశం ఎంతో చెప్పవు. ‘ట్రిమ్’, ‘రెగ్యులర్’, ‘రిలాక్స్‌డ్’ అన్న మాటలు ఆ అవకాశాన్ని సూచించేవే గాని, సంస్థ సంస్థకూ వాటి విలువ వేరు. భారతీయ సంస్థ ‘లార్జ్’, అమెరికా సంస్థ ‘లార్జ్’ ఒకటి కావు. చీటీ మీది అక్షరం కొలత కాదు.

ఏయే స్తరాలను లెక్కలోకి తీసుకోవాలి? నడుస్తున్నప్పుడు కండరాలే కావలసినంత ఉష్ణాన్ని పుట్టిస్తాయి గనుక వర్షంలో నింపుడు జాకెట్ వేసుకొని ఎవరూ కొండ ఎక్కరు. కాని ఆగి విశ్రమించినప్పుడు, దారి తప్పి ఎదురుచూస్తున్నప్పుడు దాన్ని ధరించక తప్పదు. ఈకలు తడిస్తే ముద్దగట్టి పనికిరావు గనుక దానిపై వర్షకవచం పట్టితీరాలి. కనుక థర్మల్, ఫ్లీస్‌లపై సుఖంగా, తేలికపాటి నింపుడు జాకెట్‌పై నలపకుండా పట్టే కొలతే సరైనదని నా నిర్ణయం. తీవ్రశీతలానికి ఉద్దేశించిన మందపాటి ఈకల కోటుపై కూడా పట్టాలని కోరడం అనవసరం; అటువంటి చలిలో వాన కురవదు.

దుకాణంలో పరీక్ష ఈ స్తరాలన్నిటినీ ధరించే చేయాలి. జిప్‌ను గడ్డం దాకా వేసి రెండు చేతులూ పైకెత్తితే ముంజేతి మణికట్టు బయటపడకూడదు, అంచు నడుము దాటి పైకి లేవకూడదు. బూటు తాడు కట్టుకొన్నట్టు వంగి, చేతులను ఛాతీపై అడ్డంగా చాపితే వీపున కుట్లు లాగకూడదు. హుడ్ బిగించి తల పక్కకు తిప్పితే హుడ్ తలతోపాటు తిరగాలి. వీపుసంచి తగిలించుకొని మరొకసారి ఇవన్నీ చేసి చూడాలి; భుజపట్టీల కింద, నడుముపట్టీ కింద పొరలు ఎలాగూ నలుగుతాయి, జేబులు మాత్రం ఆ పట్టీకి పైన ఉండాలి. తరువాత లోపలి పొరలు తీసివేసి, ఒక్క చొక్కాపై జాకెట్ వేసుకొని మణికట్టు వెల్క్రోను, అంచుతాడును బిగించి చూడాలి. మిగిలిన వదులు ఈ బిగింపులకు లొంగితే అదే మీ సైజు.

ఆన్‌లైన్‌లో కొనేవారు ఈ పరీక్షను టేపుతో చేయవచ్చు: పొరలన్నీ వేసుకొన్నాక ఛాతీ, తుంటి, దండచేయి చుట్టుకొలతలు తీసి, అమ్మకందారు ఇచ్చే వస్త్రపు కొలతలతో పోల్చాలి. దేహపు కొలతల పట్టిక మాత్రమే ఉంటే వస్త్రపు కొలతలను అడిగి తెప్పించుకోండి. అవి ఇవ్వనివారి వద్ద, తిరిగి పంపే వీలు లేకపోతే, కొనకండి.