మరయోధుల యుద్ధానికీ ఓ పద్దుల పుస్తకం

మరమనుషులు కొట్టుకునే ఆటకీ మన నెలసరి పద్దులకీ ఏమిటి సంబంధం అనుకుంటున్నారా? చాలా ఉందండీ! ఉద్యోగాల్లో చేరిన మగపిల్లలు కూడా బల్ల మీద బొమ్మలు పేర్చుకుని పాచికలు వేస్తుంటే "ఇంకా ఈ చిన్నపిల్లల ఆటలేమిటి?" అని విసుక్కుంటాం. ఒక్క పూట పక్కన కూర్చుని చూడండి, ఆ మాట మళ్ళీ అనరు.

నేను చెప్పేది బ్యాటిల్‌టెక్ అనే ఆట గురించి. 1984లో అమెరికాలోని షికాగోలో ఫాసా అనే కంపెనీ దీన్ని బ్యాటిల్‌డ్రాయిడ్స్ అన్న పేరుతో తెచ్చింది. 'డ్రాయిడ్' అన్న మాట మాదంటూ స్టార్ వార్స్ సినిమాల వాళ్ళు అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడే పేరు మార్చారు. ఇప్పుడు కెటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ వాళ్ళు వేస్తున్నారు. ఇందులో అయిదు పెద్ద వంశాలు నక్షత్రాల మీద ఏలుబడి కోసం తరతరాలుగా తన్నుకుంటూ ఉంటాయి. దాయాదుల పోరే అనుకోండి! వాళ్ళ ఆయుధాలు 20 టన్నుల నుంచి 100 టన్నుల దాకా బరువుండే, నడిచే యంత్రాలు. మెక్‌లు అంటారు. ఒక్కో దాన్ని ఒక్కో మనిషి లోపల కూర్చుని నడుపుతాడు.

తేనెపట్టులా ఆరు మూలల గళ్ళున్న పటం, రెండు పాచికలు, ఒక్కో మెక్‌కి ఒక కాగితం. ఆ కాగితం మీద కవచమంతా చిన్న చిన్న సున్నాలుగా అచ్చు వేసి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా పెన్సిల్‌తో సున్నాలు నింపుకుంటూ పోవాలి. నాకు బాగా నచ్చింది వేడి లెక్క. పరుగెత్తినా వేడే, పేల్చినా వేడే. వార్‌హామర్ అనే మెక్ తన రెండు పెద్ద తుపాకుల్నీ ఒకేసారి పేలిస్తే 20 పాళ్ళ వేడి పుడుతుంది. అది చల్లార్చుకోగలిగింది 18 పాళ్ళే. మిగిలింది పేరుకుంటుంది. 19కి చేరితే లోపలి మందుగుండు పేలే ప్రమాదం మొదలు, 30కి చేరితే యంత్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆవిరి పోయే దారి మూసుకుపోయిన కుక్కర్ కింద మంట పెంచితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!

నాలుగు మెక్‌లతో నాలుగు మెక్‌లు తలపడితే మూడు నాలుగు గంటలు పడుతుంది. అది ఒక పూట ఆట. మన వైకుంఠపాళిలో పెద్దపాము మింగినా ఫరవాలేదు, పటం మడిచేస్తే మర్నాడు మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టచ్చు. కానీ ఈ ఆటని కొందరు క్యాంపెయిన్ అని ఏళ్ళ తరబడి నడుపుతారు. ఈ వారం విరిగిన చెయ్యి వచ్చే వారానికీ విరిగే ఉంటుంది, బాగు చేయించుకుంటే తప్ప. ఆడేవాళ్ళంతా కలిసి ఒక కిరాయి సైన్యం. కాంట్రాక్టు కుదిరితే డబ్బు వస్తుంది. దాంట్లోంచే జీతాలు, మరమ్మతులు, మందుగుండు, గ్రహం నుంచి గ్రహానికి ఓడ ఖర్చు. వాళ్ళ డబ్బుని సీ-బిల్లులంటారు. 20 టన్నుల లోకస్ట్ సుమారు 15 లక్షలు, 100 టన్నుల అట్లాస్ సుమారు 96 లక్షలు. ఒక్క అట్లాస్ పోగొట్టుకుంటే ఆరు లోకస్ట్‌లు పోయినట్టే. అందుకే ఆట నడిపే మనిషి దగ్గర పద్దుల పుస్తకం తప్పనిసరి. పాచికలైనా ఎరువు తెచ్చుకోవచ్చు గానీ పుస్తకం లేకపోతే ఏదీ గుర్తుండదు.

చిక్కు కూడా అక్కడే వస్తుంది. ఓడినవాళ్ళకి మరమ్మతుకి డబ్బుండదు. కుంటుతూ మళ్ళీ యుద్ధానికి వస్తారు, మళ్ళీ ఓడతారు. అప్పు చేసి పప్పుకూడు ఎన్నాళ్ళు? రెండు నెలల్లో ఒక్కొక్కరూ మానేస్తారు. చాలా క్యాంపెయిన్లు ఆరంభశూరత్వంతోనే ముగిసేది ఇందుకే. మా అక్క కొడుకు అమెరికాలో నాలుగేళ్ళుగా ఇలాంటిది నడుపుతున్నాడు. అతను దీనికి చేసే ఉపాయం నాకు బాగుంది. డబ్బు అయిపోయిన జట్టుకి ఉచితంగా ఏమీ ఇవ్వడు. కాపలా కాయడం లాంటి తేలిక కాంట్రాక్టు ఇస్తాడు, ఎదురుగా తేలికపాటి శత్రువుల్ని పెడతాడు. బాగా దెబ్బ తిన్న మెక్ వెనక్కి వెళ్ళిపోవాలన్న నియమం ఆటలోనే ఉంది, దాన్ని శత్రువులకీ వర్తింపజేస్తాడు. దాంతో ప్రతి పోరూ ఆఖరి మెక్ దాకా సాగదు.

అన్నిటికంటే కష్టం, మనుషులు పోయినప్పుడు. పైలట్‌కి పేరుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గురి కుదురుతుంది, ఆడేవాళ్ళకి మమకారం పెరుగుతుంది. తలకి ఎంత కవచం వేసినా 9 పాళ్ళకి మించి వేయడానికి వీల్లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడ్డానికి వేసే పాచికల్లో రెండు ఆర్లు పడితే తలే. 36 సార్లకి ఒకసారి. ఓ రోజు వాళ్ళ బల్ల మీద అదే పడింది. పెద్ద ఫిరంగి, 20 పాళ్ళ దెబ్బ, మూడేళ్ళ నుంచీ ఉన్న పైలట్. "ఇంకోసారి వేద్దాం" అన్నారట అందరూ. ఆ పైలట్‌ని ఆడించే అబ్బాయి మాత్రం నోరు విప్పలేదు.

"మరి నువ్వేం చేశావురా?" అన్నాను ఫోన్లో.

"ఒప్పుకోలేదు పిన్నీ. ఇప్పుడు మళ్ళీ వేయిస్తే, అతను మూడేళ్ళూ పాచికలకి భయపడి చేసిన జాగ్రత్తలన్నీ ఉత్తివే అయిపోవూ?"

కఠినంగా అనిపించినా సరైన పనే అంటాను. అయితే అంతటితో ఊరుకోలేదు. ఆ పైలట్‌కి రావలసిన బాకీ జీతం ఇంటివాళ్ళకి పంపినట్టు పుస్తకంలో రాయించాడు. తర్వాతి పూటంతా పోరు లేకుండా, యంత్రాన్ని వెనక్కి తెచ్చుకోవడం, కొత్తవాళ్ళని చేర్చుకోవడంతోనే గడిపారట. రెండు వారాలకి ఆ అబ్బాయి కొత్త పైలట్ కాగితంతో వచ్చాడు. పోయినాయన చెల్లెలట! అన్నయ్య అప్పులు కూడా ఆవిడ పేరనే రాయమన్నాడట.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది మొదలుపెడతామంటే ఒక్క మాట. నలుగురైదుగురు చాలు. మీలో చీటీలు నడిపినవాళ్ళకి తెలుసు, మధ్యలో మానేసే సభ్యుడు ఒక్కడున్నా మిగతావాళ్ళకి ఎంత ఇబ్బందో. అందుకని ముందే మూడేళ్ళకి మాట తీసుకోకుండా ఆరు పూటల కాంట్రాక్టు ఒకటి పెట్టుకోమనండి. తేదీలు ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. చావు, అప్పు, మళ్ళీ పాచిక వేయడం గురించిన నియమాలు మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోవాలి, తర్వాత వాదనలుండవు. ఆట అయిన రాత్రే పద్దు రాసేయాలి, మర్నాటికి వాయిదా వేస్తే సగం మర్చిపోతారు. బొమ్మలకి రంగులు వేయడం తీరికమీద చేసుకోవచ్చు, రంగు లేకపోయినా ఆట ఆగదు.