తొలి మహిళా న్యాయమూర్తి – జస్టిస్ అమరేశ్వరి

"ఆడగుంటకి కోర్టు చదువులేటి?" అంటారు మా ఊళ్ళో. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళిన మన క్లాసు అమ్మాయి ఒకామె తిరిగి రాలేదు. పెళ్ళయిపోయిందని కబురొచ్చింది. ఆమె ట్రంకుపెట్టె ఇంకా మా గదిలోనే ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

అమరేశ్వరి గారు 1928లో గుంటూరు జిల్లా అప్పికట్లలో పుట్టారు. 14 ఏళ్ళకే పెళ్ళయింది. అయినా చదువు మానలేదు. లా చదివి 1948లో మద్రాసు హైకోర్టులో వకీలుగా చేరారు. మద్రాసు ఎందుకంటే, అప్పట్లో మన కోస్తా జిల్లాలన్నీ ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఆంధ్రకు సొంత హైకోర్టు 1954లో గుంటూరులో వచ్చింది. 1956లో హైదరాబాదుకు మారింది. అదే హైకోర్టుకు ఆమె 1978లో న్యాయమూర్తి అయ్యారు. అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. దేశంలో హైకోర్టు జడ్జీ అయిన మొదటి మహిళ కేరళకు చెందిన అన్నా చాందీ (1959).

ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఆనీ జియాగీ అని ఉండేవారు. ఆమె మొదట కేటా అనే సముద్రపుటూళ్ళో ఆడపిల్లల బడి నడిపారు. బడిని సముద్రం మింగేస్తే, పాటల బృందాన్ని కూర్చి డబ్బు పోగుచేసి మళ్ళీ కట్టించారు. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలడం చూసిన మనకు ఆ కష్టం తెలుసు. తర్వాత ఆమె లా చదివి, 1961లో హైకోర్టు జడ్జీ అయ్యారు. ఆ దేశంలో తొలి మహిళా జడ్జీ ఆమే.

జడ్జీ ఎలా అవుతారు? ఇంటర్ తర్వాత 5 ఏళ్ళు గాని, డిగ్రీ తర్వాత 3 ఏళ్ళు గాని లా చదవాలి. వకీలుగా పేరు నమోదు చేయించుకోవాలి. మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జీ. దానికి పరీక్ష రాయాలి. ముందు కనీసం 3 ఏళ్ళు వకీలుగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. హైకోర్టుకైతే వకీలుగానో, కింది కోర్టు జడ్జీగానో 10 ఏళ్ళ అనుభవం కావాలి.

మిత్రులారా! 18 ఏళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. అలాంటి పెళ్ళి జరుగుతుంటే 1098కి ఫోన్ చేయొచ్చు. జరిగిపోయినా, తనకు 20 ఏళ్ళు నిండేలోపు రద్దు చేయమని ఆ అమ్మాయి కోర్టును అడగొచ్చు. పెళ్ళయినంత మాత్రాన బడి తలుపు మూసుకుపోదు. అమరేశ్వరి గారే సాక్ష్యం.

వార్డెన్ మేడం గారికి మనవి: మా స్నేహితురాలి పేరు రిజిస్టరులోంచి కొట్టేయకండి. ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళి మాట్లాడండి. మేమూ వస్తాం. ఆమె పెట్టె మేం జాగ్రత్తగా చూసుకుంటున్నాం.

– పదో తరగతి విద్యార్థిని