నీటికీ ఊపిరి కావాలి

సాయంత్రం వేళ మా సిద్దిపేట కోమటి చెరువు కట్టమీద నడిచేవారిని చూస్తే, ఊరికి చెరువు ఎంత ఊరటో తెలుస్తుంది. పడవలు, వేలాడే వంతెన, దీపాలు, పిల్లల కేరింతలు! 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత తెలంగాణలో అనేక చెరువులు ఇట్లాగే 'మినీ ట్యాంకుబండ్లు' అయినవి. కాని కట్టమీద నిలబడినవారికి కనబడేది నీటి పైభాగమే. లోపల నీరు ఆరోగ్యంగా ఉన్నదా, లేదా? దానిని తెలుసుకొనేది ఎట్లా? చెడిన నీటిని బాగు చేయడమంటే ఏమిటి?

నీటిలో గాలి ఎంత?

చేప కూడా మనవలెనే ఆమ్లజని పీల్చి బ్రతుకుతుంది. అయితే మనకున్న భాగ్యం దానికి లేదు. ఒక లీటరు గాలిలో దాదాపు 275 మిల్లీగ్రాముల ఆమ్లజని ఉంటుంది. మన ఎండలకు వెచ్చబడిన లీటరు నీటిలో కరిగేది కేవలం 8 మిల్లీగ్రాములు. అది 4కు తగ్గితే చాలా చేపలకు ఊపిరాడదు.

ఈ కొలతను కళాశాల ప్రయోగశాలలోనే చేయవచ్చు. సీసానిండా నీరు పట్టి, మాంగనస్ సల్ఫేటు ద్రావణాన్ని, తరువాత పొటాసియం అయొడైడు కలిపిన క్షార ద్రావణాన్ని చేర్చాలి. ఆమ్లజని ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. మురుగుకాలువ నీటిలో అది తెల్లగానే ఉండిపోతుంది. విద్యార్థులకు వేయి మాటలు చెప్పేకంటె ఈ రెండు సీసాలను పక్కపక్కన చూపితే చాలు.

మింగేది ఎవరు?

మురుగులోని మలినం తానుగా ఆమ్లజనిని తినదు. దానిని ఆహారంగా గ్రహించే సూక్ష్మజీవులు తింటవి. మేత ఎంత ఎక్కువైతే వాటి సంతతి అంత పెరుగుతుంది, ఆమ్లజని అంత త్వరగా తరుగుతుంది. ఈ అవసరాన్ని కొలిచే అంకెను 'జీవరసాయన ఆమ్లజని గిరాకి' అంటారు, వాడుకలో బి.ఓ.డి. స్నానానికి తగిన నీటిలో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు. ఇళ్ళనుండి వచ్చే మురుగులో 200 నుండి 300 వరకు ఉంటుంది. లెక్క వేసి చూడండి: 250 గిరాకి గల ఒక్క లీటరు మురుగు, ముప్పై లీటర్ల మంచినీటిలోని ఆమ్లజనినంతా మింగగలదు!

ఆమ్లజని అయిపోయిన తరువాత, అది లేకుండానే బ్రతికే మరొక జాతి సూక్ష్మజీవులు రాజ్యమేలుతవి. కుళ్ళిన గ్రుడ్ల వాసన గల హైడ్రొజన్ సల్ఫైడు వాటి పనియే. నీరు నల్లబడుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం ఎరువులై గుర్రపుడెక్కను పెంచుతవి. అది చాపవలె పరచుకొని వెలుతురును, గాలిని అడ్డగిస్తుంది. గుర్రపుడెక్కను పీకివేయడం అవసరమే. కాని మురుగు రాక ఆగకపోతే అది మళ్ళీ మొలుస్తుంది.

మూసీ కథ

అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమగా పారి, వాడపల్లివద్ద కృష్ణలో కలిసే మూసీ దీనికి పెద్ద ఉదాహరణ. 1908 వరద నగరాన్ని ముంచినది. విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. వరదభయం తగ్గినది. నగరం పెరిగినది. పైనీరు జలాశయాలలో నిలిచిపోగా, వేసవిలో నగరం నడుమ పారేది చాలవరకు నాలాల మురుగే.

2024లో ప్రభుత్వం నదీతీర పునర్నిర్మాణానికి పూనుకొన్నది. చాదర్‌ఘాట్ పరిసర బస్తీలలో కొన్ని ఇళ్ళను కూల్చి, కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించినారు. నదికి దారి ఇవ్వవలసినదే. వరదలో ఒడ్డునున్నవారికే ముందుగా ప్రమాదం. కాని ఏళ్ళతరబడి అక్కడ బ్రతికిన కూలివానికి పని, పిల్లవానికి బడి ఎంత దూరమయినవో కూడా లెక్కలోకి రావాలి. ఇంకొక మాట. మూసీ మలినం ఒడ్డుమీది గుడిసెలవారు మాత్రమే చేసినది కాదు. ఎక్కడో మేడమీది స్నానాల గదినుండి బయలుదేరిన నీరు కూడా నాలా ద్వారా అక్కడికే చేరుతుంది. ఒడ్డు ఖాళీ అయినంతమాత్రాన నీటి గిరాకి తగ్గదు.

శుద్ధి చేసేదీ సూక్ష్మజీవులే

నదిని చెరిచిన జీవులనే నదిని కాపాడటానికి వినియోగించుకోవచ్చు. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే రసాయనజ్ఞులు, మురుగులోనికి గాలిని ఊది, అడుగున పేరుకొన్న సూక్ష్మజీవుల మడ్డిని పారవేయక మళ్ళీ మళ్ళీ వాడితే శుద్ధి త్వరగా జరుగుతుందని చూపినారు. నదిలో జరగవలసిన శ్వాసక్రియను తొట్టిలోనే జరిపించి, తేరిన నీటిని నదికి పంపడమే ఇందలి కిటుకు. హైదరాబాదు అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయడానికి కట్టిన కేంద్రంలో ముందుగా ఆమ్లజని అక్కరలేని జీవులు పనిచేస్తవి. అవి మలినాన్ని మీథేను వాయువుగా మార్చుతవి.

నదికి సహజశక్తి కూడా కలదు. కత్వలమీదినుండి దూకేటప్పుడు నీటిలో గాలి కలుస్తుంది. భారం మితంగా ఉంటే నది తానే కోలుకొంటుంది.

థేమ్స్ నేర్పిన పాఠం

1858 వేసవిలో లండనులో థేమ్స్ నది దుర్వాసనకు పార్లమెంటు సభ్యులే నిలువలేకపోయినారు. బాజల్‌జెట్ అనే ఇంజనీరు పెద్ద మురుగు సొరంగాలను కట్టినాడు. నగరం బాగుపడినది, మురుగు మాత్రం దిగువకు జరిగినది. 1957 నాటికి ఆ నదీభాగాన్ని నిర్జీవమన్నారు. ఆ తరువాత శుద్ధికేంద్రాలను బాగుచేయగా, 1974లో సాల్మన్ చేప మళ్ళీ కనబడినది. మురుగును మరొకచోటికి నెట్టడం శుద్ధి కాదు.

కాబట్టి ఏ ఊరిలోనైనా చెరువుకట్ట అందంగా తయారైనప్పుడు సంతోషిద్దాం. దానితోపాటు రెండు ప్రశ్నలు వేద్దాం: ఈ చెరువులోనికి వచ్చే ప్రతి కాలువ ఎక్కడినుండి వస్తున్నది? ఈ నీటిలో ఆమ్లజని ఎంత? రెండవ అంకెను నెలనెలా కట్టమీద పలకపై వ్రాసిపెడితే, నీటి ఆరోగ్యం నడకకు వచ్చినవారందరికీ తెలుస్తుంది. దీపాల వెలుగు పైనీటికే అందుతుంది. లోపలి చేపకు కావలసినది ఊపిరి.