ముల్లు చెప్పని లెక్క

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి 1978లో ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది. చాలామంది సీసాలతో మొదలుపెట్టి, కడగలేక విసిగి, 19 లీటర్ల స్టీలు పీపాకి, అంటే కెగ్గుకి మారతారు. బీరుకి నురుగు పట్టించి బయటికి నెట్టడానికి కెగ్గుకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించాలి కాబట్టి, గ్యాసు బెంగ అక్కడే మొదలు. ఇంటినిండా చుట్టాలున్న శనివారం రాత్రే సిలిండర్ అయిపోతుంది.

మీటరు చూసుకోవచ్చుగా అంటే, అది చెప్పదు. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ చాలావరకు ద్రవంగా ఉంటుంది. వాడినకొద్దీ ద్రవం ఆవిరవుతూ ఆ లోటు పూడుస్తుంది కాబట్టి, మామూలు గది వేడిలో ముల్లు 800 పీఎస్‌ఐ ప్రాంతంలోనే నిలబడుతుంది. అది పడిపోవడం మొదలైందంటే ద్రవం అయిపోయినట్టే. ఫ్రిజ్‌లో పెడితే నిండు సిలిండర్‌కీ ముల్లు దిగుతుంది. అది చలి ప్రభావం. మన వంటగ్యాసు బండలాగే దీన్నీ తూకం వేయాల్సిందే. మెడ దగ్గర 'టీడబ్ల్యూ' పక్కన కొట్టిన అంకె ఖాళీ బరువు.

చల్లటి కెగ్గులో బీరుకి నురుగు పట్టించి, చివరి గ్లాసు దాకా బయటికి నెట్టడానికి సుమారు 150 గ్రాములు చాలు. ఆ లెక్కన 5 పౌండ్ల సిలిండర్, అంటే 2.27 కిలోలు, పదిహేను కెగ్గులకు రావాలి. అంతకు బాగా ముందే అయిపోతే లీకును అనుమానించాలి. రాత్రి సిలిండర్ వాల్వు కట్టేసి, పొద్దున ముల్లు చూడండి. పడిపోయి ఉంటే సబ్బునీళ్లతో ఒక్కో అతుకూ తడపాలి. ఎక్కువసార్లు దొరికే దొంగ, కెగ్గు మూత కింది రబ్బరు వాషరే.

అసలు విచిత్రం వేరే ఉంది. మామూలు గాఢత ఉన్న అంతే బీరు పులిసేటప్పుడు ఈస్టు దాదాపు 700 గ్రాముల గ్యాసు వదులుతుంది. అది గాలిలో కలుస్తుంటే మనం కొట్టుకి పరిగెడతాం! అమెరికాలో అమ్మే గ్యాసులోనూ చాలా భాగం మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలదే, అంటే అదీ ఈస్టు వదిలిందే. 2020లో కోవిడ్ వల్ల పెట్రోలు వాడకం పడిపోయి ఆ ఫ్యాక్టరీల్లో అనేకం మూతపడితే, గ్యాసుకీ కటకట వచ్చింది.

పులిసే పాత్ర నుంచి గొట్టం తీసి, శుద్ధిచేసే ద్రావణం నింపిన కెగ్గుకి తగిలిస్తే, వచ్చే గ్యాసే ద్రావణాన్ని నెట్టేసి లోపల గాలి లేకుండా చేస్తుంది. పీడనం తట్టుకునే పాత్రా, హద్దు దాటితే వదిలేసే వాల్వూ ఉంటే బీరుకి నురుగు కూడా అక్కడే పట్టించవచ్చు. గాజు జాడీలో మాత్రం ఇలా పీడనం పెంచొద్దు, పేలుతుంది.