తెలుగు బైబిలులో దైవనామాలు: అర్థం, అనువాదం, స్థానిక గ్రహణం

ఉపోద్ఘాతం:

హీబ్రూ బైబిలులో దేవుని పేర్లలో చాలావాటి వెనుక ఒక సంఘటన, దానిని అనుభవించిన ఒక మనిషి కనిపిస్తారు. ఆ పేర్లు తెలుగులోకి వచ్చినప్పుడు కొన్ని అర్థాలు నిలిచాయి, కొన్ని జారిపోయాయి. జూపాడు బంగ్లా నుండి నంద్యాల, ఆళ్ళగడ్డల దాకా ఉన్న క్రైస్తవుల ప్రార్థనాభాషకు తెలుగు బైబిలే ఆధారం కనుక, ఈ నామాలను స్థానిక నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థలనామాలు - దైవనామాలు:

ఒకే దైవానికి అనేక నామాలుండటం నంద్యాల సీమకు కొత్త కాదు. ఆళ్ళగడ్డకు చేరువలోని అహోబిలంలో నరసింహస్వామి జ్వాలా, మాలోల, కారంజ, ఛత్రవట మొదలైన తొమ్మిది పేర్లతో తొమ్మిది చోట్ల కొలువై ఉన్నాడు. వీటిలో కారంజ కానుగచెట్టును, ఛత్రవట మర్రిచెట్టును స్ఫురింపజేస్తాయి. బైబిలులోని 'యెహోవా యీరే' కూడా మొదట స్థలనామమే. కుమారునికి బదులుగా పొట్టేలు దొరికిన చోటికి అబ్రాహాము పెట్టిన పేరది (ఆదికాండము 22). 'యెహోవా నిస్సీ' (నిర్గమకాండము 17), 'యెహోవా షాలోము' (న్యాయాధిపతులు 6) బలిపీఠాల పేర్లు. నేటి ప్రార్థనలలో ఇవి దేవుని బిరుదులుగానే వినిపిస్తాయి. సామ్యం ఇంతవరకే. అహోబిల భక్తుడు ఆ తొమ్మిది చోట్లకూ నేటికీ నడిచి వెళ్ళగలడు. మోషే కట్టిన బలిపీఠం చూడటానికి ఎవరూ వెళ్ళరు. అక్కడ స్థలం పోయి పేరు మిగిలింది.

ఉన్నవాడు - ఉండువాడు:

మోషే పేరు అడిగినప్పుడు వచ్చిన సమాధానం హీబ్రూలో 'ఎహ్యే అషేర్ ఎహ్యే' (నిర్గమకాండము 3:14). అందులోని క్రియారూపం వర్తమానాన్నీ భవిష్యత్తునూ సూచించగలదు. తెలుగు అనువాదం ఈ మాటకు 'ఉన్నవాడను' అనే రూపాన్ని ఎంచుకుంది; అదే వచనం చివర మాత్రం 'ఉండుననువాడు' అని వాడింది. మొదటి రూపం వల్ల దేవుని స్థిరత్వం చక్కగా పలికింది గాని, రాబోయే కాలానికి ఇచ్చిన మాట అక్కడ వెనకబడింది. చిన్నయసూరి బాలవ్యాకరణం వివరించిన తద్ధర్మార్థకం గల రెండవ రూపం మూలానికి మరింత చేరువైనది. 'ఉండును' అన్నప్పుడు తెలుగువారికి స్వభావమూ భవిష్యత్తూ ఒకేసారి స్ఫురిస్తాయి. 'ఉండువాడు' అన్నా అంతే. ఇది కేవలం వ్యాకరణచర్చ అనుకోనక్కరలేదు. బానిసలను విడిపించడానికి ఫరో ఎదుటికి వెళ్ళవలసిన మోషేకు అప్పుడు కావలసింది తత్త్వనిర్వచనం కంటే తోడుంటాననే హామీ. రెండు వచనాల ముందే, 3:12లో, 'ఎహ్యే' అనే ఆ క్రియే 'నీకు తోడై ఉంటాను' అనే అర్థంలో వచ్చింది.

యెహోవా - ప్రభువు:

హీబ్రూ బైబిలులో 6,800కు పైగా సార్లు కనిపించే నాలుగు హల్లుల నామాన్ని యూదులు భక్తితో ఉచ్చరించక, దానికి బదులు 'అదోనాయ్' (ప్రభువు) అని చదివారు. ఆ హల్లులకు ఈ పదంలోని అచ్చులు చేరి 'యెహోవా' రూపం ఏర్పడింది. 1611 నాటి ఆంగ్ల అనువాదం చాలా చోట్ల 'ప్రభువు' అనే అర్థమిచ్చే పదాన్నే వాడింది. తెలుగు బైబిలు మాత్రం పాత నిబంధన అంతటా 'యెహోవా'ను నిలిపింది. సంజ్ఞానామం వల్ల వచ్చే చనువు దీని లాభం. నష్టం కొత్త నిబంధనలో తెలుస్తుంది. యోవేలు 2:32లో ప్రజలు యెహోవా నామాన్ని ఆశ్రయిస్తారు. పౌలు ఆ వాక్యాన్నే రోమా 10:13లో ఉదాహరించినప్పుడు గ్రీకును అనుసరించి అది 'ప్రభువు' అయింది. నాలుగు వచనాల ముందు పౌలు ప్రభువని ఒప్పుకొమ్మన్నది యేసునే. యెహోవాకు చెందిన మాటను యేసుకు అన్వయించడం క్రైస్తవ విశ్వాసానికి మూలస్తంభం. పదం మారడంతో ఆ ముడి తెలుగు పాఠకునికి కనిపించకుండా పోయింది. బోధకుడు విప్పి చెబితే తప్ప అందదు.

హాగరు పెట్టిన పేరు:

బైబిలు కథనక్రమంలో దేవునికి పేరు పెట్టిన తొలి వ్యక్తి హాగరు. ఆమె ఐగుప్తీయురాలు, దాసి, గర్భవతి. యజమానురాలి బాధ పడలేక అరణ్యానికి పారిపోయింది. అక్కడ తనను పేరుతో పిలిచి మాట్లాడిన దేవునికి ఆమె పెట్టిన పేరు 'ఎల్ రోయి', చూచుచున్న దేవుడు (ఆదికాండము 16). పితరులెవరికీ దక్కని ఈ చొరవ ఒక దాసికి దక్కడం వ్యాఖ్యాతలు మరింతగా పట్టించుకోవలసిన విషయం. రాయలసీమలో 19వ శతాబ్దినుండి క్రైస్తవం స్వీకరించినవారిలో అధికసంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బావిలో చేద వేయడానికి వారికి అనుమతి లేని కాలమది. హాగరుకు దేవుడు ఎదురైన నీటిబుగ్గకు ఆమె పెట్టిన పేరును బట్టే 'బెయేర్ లహాయిరోయి' అనే పేరు నిలిచింది. హీబ్రూలో 'బెయేర్' అంటే బావి.