స్కోరు బోర్డు మీద హీరోలు

రెడ్ బారన్ పేరు మనలో చాలామంది ఏదో గేమ్‌లోనో, స్నూపీ కార్టూన్లలోనో వినే ఉంటారు. అసలు పేరు మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిక్టోఫెన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పైలట్. ఎర్ర రంగు విమానం, లెక్కలో 80 విజయాలు. అదే యుద్ధంలో లక్షలమంది సైనికులు పోయారు. వాళ్ళలో ఒక్కరి పేరు చెప్పమంటే మనకి రాదు. మరి ఈయన పేరే ఎందుకు మిగిలింది?

నాకు అర్థమైనంతవరకు కారణం ఆ లెక్కే. 1916 జూలై 1న, సొమ్ యుద్ధం మొదటిరోజు, ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే 19,000 మందికి పైగా చనిపోయారు. ఆ బురద కందకాల్లో ఎవరి గుండు ఎవరికి తగిలిందో ఎవరికీ తెలీదు. దాన్ని పేపర్లో వీరగాథగా రాయడం కష్టం. ఆకాశంలో అలా కాదు. ఇటొకడు, అటొకడు, కూలిన విమానం కళ్ళకి కనిపిస్తుంది. అంటే స్కోరు వేయొచ్చు! ఫ్రెంచి పత్రికలు 'ఏస్' అనే బిరుదు మొదలుపెట్టాయి, ఐదు కూలిస్తే ఏస్ అన్నది లెక్కగా స్థిరపడింది. జర్మనీలో పెద్ద పతకం 'పూర్ ల మెరీట్'. 1916 జనవరిలో బోల్కే, ఇమ్మెల్‌మన్‌లకి 8 విజయాలకే ఇచ్చారు. ఏడాది తర్వాత రిక్టోఫెన్‌కి 16 కావాల్సొచ్చాయి. మన భాషలో కటాఫ్ పెరిగిందన్నమాట.

మిగతాది పబ్లిసిటీ. మన దగ్గర సినిమా హీరోల ఫోటోలు అమ్మినట్టు అక్కడ పైలట్ల ఫోటో పోస్టుకార్డులు అమ్మారు. 1917లో తలకి గాయమై కోలుకుంటున్న టైంలోనే రిక్టోఫెన్ చేత ఆత్మకథ రాయించారు. అది సైన్యం వాళ్ళు సెన్సార్ చేశాకే బయటికొచ్చింది. తర్వాత ఆయనే దాన్ని చదువుకుని, ఇందులో ఉన్న పొగరు ఇప్పుడు నాలో లేదన్న అర్థంలో రాసుకున్నాడు. ఆ మాట పోస్టుకార్డుల మీదకి ఎక్కలేదనుకోండి.

ఈయన కూల్చిన ప్రతి విమానానికీ ఒక వెండి కప్పు చేయించుకునేవాడు. 60 దాకా వచ్చాక జర్మనీలో వెండి కరువై ఆగిపోయింది. నన్ను ఆపేసిన వివరం ఇదే. ఎందుకంటే ఆ విమానాల్లో చాలా వరకు ఇద్దరు కూర్చునే నిదానమైన నిఘా విమానాలు. అంటే చాలా కప్పుల వెనక ఇద్దరేసి మనుషులున్నారు. స్కోరు బోర్డులో వాళ్ళు కనిపించరు, సంఖ్య ఒక్కటే కనిపిస్తుంది.

1918 ఏప్రిల్ 21న ఆయన చనిపోతే శత్రువులే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. కూలినవాడు ఎంత గొప్పవాడైతే కూల్చినవాడికి అంత పేరు కదా.

అయితే స్కోరు ఒక్కటే సరిపోదు, దాన్ని చాటింపు వేసే దేశం కూడా ఉండాలి. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ బ్రిటిష్ వాయుసేనలో చేరి 1918 జూలైలో రెండు వారాల్లోపే పది విజయాలు సాధించాడు. కానీ అప్పుడు మనది వేరేవాళ్ళ పాలనలో ఉన్న దేశం. ఇప్పటికీ మనలో ఎక్కువమందికి ఆయన పేరు తెలీదు, రెడ్ బారన్ తెలుసు. అదే నెల 22న ఆయన విమానం కూలింది. అప్పటికి రాయ్‌కి 19 ఏళ్ళు, మన సెకండియర్ వాళ్ళ వయసు.