తప్పు ఒకచోట, కేక ఒకచోట

దసరా సెలవులకు చేర్యాల వెళ్లినప్పుడు పక్కింటి పిల్లగాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. బీటెక్ మూడో ఏడు. ‘‘అన్నా, కాలేజీల మంచిగనే నడిసింది. ఇంట్ల పెడితే నలభై ఒక్క ఎర్రర్లు సూపిస్తుంది. ఒక్క లైను గూడ మార్చలే’’ అన్నాడు. ప్రోగ్రాం హాస్కెల్‌లో రాసింది. రాత్రంతా కూర్చుని కింది నుంచి ఒక్కో ఎర్రర్ సరిచేయాలని చూస్తున్నాడట. ఎందుకు కింది నుంచి అంటే, తెర మీద ఆగి కనబడేది ఆ చివరిదే కాబట్టి.

‘‘మీదికి జరుపు. మొదటిది సదువు’’ అన్నాను.

మొదటిది చాలా చిన్నది. ‘వెన్’ అనే పేరు నాకు తెలియదు అంటోంది కంపైలర్. రెండోది కూడా అదే మాట, వేరే లైను. మూడోది ‘ఫర్ఎమ్’ తెలియదని. నలభై ఒక్కటీ కలిపి చూస్తే తెలియని పేర్లు మూడో నాలుగో ఉన్నాయి, అంతే. ఇది వాడి తప్పు కాదు, అలాగని కంపైలర్ తప్పూ కాదు. అదేమిటో చెప్పేముందు కంపైలర్ ఎందుకు ఇలా కేకలు పెడుతుందో కొంచెం తెలియాలి.

మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. హాస్కెల్, ఓకామెల్ లాంటి ఫంక్షనల్ భాషల కంపైలర్లు మార్చే ముందు గట్టిగా సోదా చేస్తాయి. ఒక విలువ అంకెనా, అక్షరాల వరసా, జాబితానా అన్నది దాని టైపు. అంకెను అక్షరాల వరసతో కూడబోతే, నడిపించకముందే ఆపేస్తాయి. విశేషం ఏమిటంటే టైపులు మనం రాయకపోయినా అవే ఆరా తీసి పట్టుకుంటాయి. ఎంఎల్ భాష కోసం రాబిన్ మిల్నర్ 1978లో ప్రచురించిన పద్ధతే దీనికి పునాది. 1990లో తొలి రూపం దిద్దుకున్న హాస్కెల్ కూడా ఆ దారిలోనే నడిచింది. ఎక్కువమంది వాడే దాని కంపైలర్ గ్లాస్గోలో పుట్టిన జీహెచ్‌సీ.

ఈ ఆరా తీయడంలోనే చిక్కంతా ఉంది. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. వారం రోజుల టమాట ధరల సగటు కావాలి. ఎవరైనా రాసేది ఇదే: ‘సగటు ధరలు = సమ్ ధరలు / లెంగ్త్ ధరలు’. మొత్తాన్ని ఎన్ని ఉన్నాయో ఆ లెక్కతో భాగించు అని. బడి పిల్లలకు కూడా ఇందులో తప్పు కనబడదు. జీహెచ్‌సీకి కనబడుతుంది. ‘ఇంట్ అనే టైపుకు ఫ్రాక్షనల్ ఇన్‌స్టెన్స్ లేదు, భాగహారం గుర్తు దగ్గర’ అంటుంది. కొత్తవాళ్లు భాగహారం గుర్తు వైపు చూస్తారు. అది బాగానే ఉంటుంది కదా, తల పట్టుకుంటారు.

జరిగింది ఇది. లెంగ్త్ ఎప్పుడూ పూర్ణాంకమే ఇస్తుంది, అంటే ఇంట్. హాస్కెల్‌లో ఈ గీత గుర్తు భిన్నాలకు పనికొచ్చే అంకెలనే తీసుకుంటుంది. చాలా భాషలు ఇక్కడ గుట్టుగా పూర్ణాంకాన్ని దశాంశంగా మార్చేసి ఊరుకుంటాయి. హాస్కెల్ అడగకుండా ఏదీ మార్చదు. భాగహారానికి రెండు వైపులా ఒకే టైపు ఉండాలి కాబట్టి కుడివైపు ఇంట్ అయితే ఎడమవైపూ ఇంటే, జవాబూ ఇంటే అని లెక్కగట్టుకుంటూ పోయింది. చివరికి ‘ఇంట్‌ను భిన్నంలా వాడేదెట్లా?’ అని గుర్తు దగ్గర నిలబడి అరిచింది.

ఇప్పుడు ఆ లైనుకు పైన ఇంకో లైను చేర్చండి. డబుల్‌ల (అంటే దశాంశ అంకెల) జాబితా ఇస్తాను, డబుల్ ఇవ్వాలి అని టైపు రాయండి. ప్రోగ్రాంలో ఇంకేమీ మార్చలేదు, తప్పు అలాగే ఉంది. కానీ కేక మారిపోతుంది: ‘డబుల్ రావలసిన చోట ఇంట్ వచ్చింది. భాగహారానికి రెండోవైపు, లెంగ్త్ ధరలు దగ్గర’. వేలు సరిగ్గా దొంగ వైపు తిరిగింది. పూర్ణాంకాన్ని కావలసిన అంకెగా మార్చే ‘ఫ్రమ్‌ఇంటిగ్రల్’ను లెంగ్త్ ముందు పెడితే గొడవ తీరిపోతుంది. హాస్కెల్‌లో ఎవరు ఏ ఎర్రర్ తెచ్చినా నేను మొదట అడిగేది ‘టైపు రాశావా?’ అనే. రాయక్కర్లేదు కదా అంటారు. రాయక్కర్లేదు, నిజమే. రాస్తే కంపైలర్ ఊహించుకోవాల్సింది తగ్గుతుంది, ఊహ తగ్గినకొద్దీ వేలు సూటిగా పడుతుంది.

కేక ఒకచోట, తప్పు ఒకచోట ఉండటం పెద్ద పెద్దవాళ్లను కూడా సతాయించిన సమస్యే. టైపు తప్పు అసలు ఎక్కడ పుట్టిందో వెతకడం గురించి మిచెల్ వాండ్ 1986లోనే పత్రం రాశారు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆచార్యుడు వెంకటేశ్ చొప్పెల్ల ఇండియానా యూనివర్సిటీలో చేసిన పీహెచ్‌డీ ఈ విషయం మీదే. క్రిస్టఫర్ హేన్స్‌తో కలిసి 1995లో ఒక పత్రం, 2002లో సిద్ధాంత గ్రంథం. అందులోని కీలకం సామాన్య భాషలో చెప్పవచ్చు. కంపైలర్ టైపులను సమీకరణాల్లా పెట్టుకుంటుంది: దీనికీ దానికీ ఒకటే టైపు, దానికీ ఇంకోదానికీ ఒకటే, ఇలా. వాటిని జతచేసుకుంటూ పోవడాన్ని యూనిఫికేషన్ అంటారు. జత కుదరని చోట ఆగుతుంది, ఆగిన చోటే చూపిస్తుంది. అలా కాకుండా ప్రతి సమీకరణం ప్రోగ్రాంలో ఏ చోటు నుంచి వచ్చిందో వెంట రాసుకుంటూ పోతే, కుదరనప్పుడు వెనక్కి నడిచి గొడవలో పాలున్న చోట్లన్నీ చూపవచ్చు. ఊరి తగాదాలో ఇద్దరినీ పిలిపించి అడగడం లాంటిది. ముందు ఎవరు అరిచారో వాళ్లనే పట్టుకోవడం కాదు.

ఈమధ్య కంపైలర్లు కొంచెం మర్యాద నేర్చుకున్నాయి. 2023 మార్చిలో వచ్చిన జీహెచ్‌సీ 9.6 నుంచి ప్రతి ఎర్రర్‌కూ ఒక నంబరు పడుతోంది. టైపు కుదరకపోతే 83865, పేరు తెలియకపోతే 88464. వాక్యం అర్థం కాకపోయినా నంబరు పట్టుకుని వెతకవచ్చు.

మళ్లీ పిల్లగాడి దగ్గరికి వద్దాం. వాడి ఇంట్లో ఉన్నది సరిగ్గా ఆ 9.6. కాలేజీ ల్యాబ్‌లో దానికంటే పాతది. కంపైలర్ మారితే ముట్టుకోని ప్రోగ్రాం ఎందుకు చెడుతుందో మా పటం బొమ్మతో చెబుతాను.

చేర్యాల పటం ఎలా తయారవుతుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. నకాషీ కళాకారులు బట్ట మీద నేరుగా బొమ్మ వేయరు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత వేస్తారు, ఆరనిస్తారు, మళ్లీ వేస్తారు. మూడుసార్లు అలా అయ్యాకే గీత, ఆ తర్వాత ఎర్రరంగు నేల, బొమ్మలు. పటం పాడైతే చూసేవాడికి రంగు పెచ్చు లేచినట్టే కనబడుతుంది. కింద పూత సరిగ్గా ఆరిందో లేదో కనబడదు. ప్రోగ్రాంలో మనం రాసిన నాలుగు లైన్లూ ఆ పై బొమ్మ. కింద లైబ్రరీలు, వాటి కింద కంపైలర్‌తోపాటు వచ్చే ‘బేస్’ అనే మూల లైబ్రరీ, ఇంకా కింద సీ భాషలో రాసిన లైబ్రరీలు ఉంటాయి. హాస్కెల్‌లో కంపైలర్ మారితే బేస్ కూడా మారుతుంది. 9.4కు బేస్ 4.17, 9.6కు 4.18. ఈ వెర్షన్లలో విడిగా మార్చుకోలేం.

పిల్లగాడి విషయంలో కదిలిన పూత పేరు ఎంటీఎల్. బాగా వాడకంలో ఉన్న లైబ్రరీ. పాత వెర్షన్లలో దాన్ని తెచ్చుకుంటే ‘కంట్రోల్.మొనాడ్’లోని వెన్, అన్‌లెస్, ఫర్ఎమ్ లాంటివి కూడా ఉచితంగా వెంట వచ్చేవి. 2022లో వచ్చిన 2.3 వెర్షన్ ఆ ఉచితం ఆపేసింది. జీహెచ్‌సీ 9.4తో వచ్చేది పాత 2.2.2. 9.6తో వచ్చేది 2.3.1. అంతే కథ. ‘ఇంపోర్ట్ కంట్రోల్.మొనాడ్’ అని ఫైలు పైన ఒక్క లైను రాయమన్నాను. నలభై ఒకటీ ఒకేసారి పోయాయి. వాడి మొహంలో సంతోషం కంటే రాత్రి నిద్ర పోయిందన్న కోపమే ఎక్కువ కనబడింది.

లైబ్రరీ రాసినవాళ్లను తిట్టబుద్ధి అవుతుంది గానీ, వాళ్లది న్యాయమే. ఏ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వాడుకోవడం ఎప్పటికైనా ఇలాగే తిరగబడుతుంది. 2018లో జీహెచ్‌సీ 8.4 వచ్చినప్పుడు ఇంతకంటే పెద్ద కుదుపు వచ్చింది. మొనాయిడ్ అనే తరగతికి చెందిందని ప్రకటించే ప్రతి టైపూ ముందు సెమీగ్రూప్ అనే తరగతికి కూడా చెంది ఉండాలన్నారు. పాత లైబ్రరీలు చాలా ఒక్కసారిగా కంపైల్ కావడం మానేశాయి.

ఇంకో రకం గొడవ ప్రాజెక్టు పెద్దదైనప్పుడు వస్తుంది. లైబ్రరీలు తెచ్చి పేర్చే పనిముట్టు కేబల్. ప్రతి లైబ్రరీ తనకు ఏ వెర్షన్ల మధ్య బేస్ కావాలో రాసుకుంటుంది. ఒకటి ‘4.18 కంటే తక్కువ ఉండాలి’ అంటే, మీ కంపైలర్ తెచ్చింది 4.18 అయితే, కేబల్ చేతులెత్తేసి పేజీ పొడుగునా కారణాలు రాస్తుంది. అందులో ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే మాట, దాని పక్కన బాణం గుర్తుకు అటూ ఇటూ ఉన్న రెండు పేర్లు చూస్తే చాలు. మిగతాది సాక్ష్యం. పరిష్కారం తరచూ ప్రోగ్రాంలో ఉండదు. కంపైలర్ వెర్షన్లు మార్చే పనిముట్టు జీహెచ్‌సీఅప్‌తో ఒక మెట్టు పాత కంపైలర్‌కు మారితే పోతుంది. హద్దు ఊరికే జాగ్రత్త కోసం పెట్టిందని నమ్మకం ఉంటే ‘అలౌ-న్యూవర్’ అని దాన్ని సడలించి చూడవచ్చు. నేను మొదటిదే చేస్తాను, సడలింపు తర్వాత వచ్చే ఎర్రర్లు ఎవరివో తేలదు.

విడి ఫైలుగా నడిపితే దొరికే ‘డేటా.మ్యాప్’ అనే మాడ్యూల్ కేబల్ ప్రాజెక్టులో పెట్టగానే మాయమవుతుంది. అదీ చాలామందిని బెదరగొడుతుంది. ‘కంటైనర్స్ అనే దాగిన ప్యాకేజీలో ఉంది, బిల్డ్-డిపెండ్స్‌లో చేర్చు’ అని కంపైలరే చెబుతుంది, చదివితే.

అన్నిటికంటే అడుగు పూత గురించి ఒక మాట. సాయంత్రం వాడు మళ్లీ వచ్చాడు. ఫైళ్లు కుదించే జీలిబ్ లైబ్రరీని చేర్చాడట, కొత్త ఎర్రర్. ఈసారి పైకి జరిపే తెచ్చాడు. ‘‘సీ లైబ్రరీ లేదంటుంది అన్నా, జెడ్ అని. హాస్కెల్‌ది తీసి మళ్ల ఎక్కియ్యాల్నా?’’

అక్కర్లేదు. హాస్కెల్ జీలిబ్ సీ భాషలోని అసలు జీలిబ్ మీద ఆనుకుంటుంది. వాడి ఉబుంటులో అది నడవడానికి కావలసినంత ఉంది, దాన్ని పెట్టుకుని కొత్తది కట్టడానికి కావలసిన ఫైళ్లు లేవు. అవి ‘జీలిబ్1జీ-డెవ్’ అనే వేరే ప్యాకెట్‌లో వస్తాయి. జీఎంపీ అనే ఇంకో సీ లైబ్రరీ లేదని, ముక్కలను అతికించే లింకర్ అరిచినా ఇదే మందు, పేరు చివర డెవ్ ఉన్నది ఎక్కించాలి. కమాండ్ రాసిచ్చాను. నెట్ నెమ్మదిగా ఉండి సగంలోనే నిలిచింది. అమ్మ తిండికి పిలుస్తుందని లాప్‌టాప్ మా గద్దె మీదే వదిలేసి పోయాడు.